మర్యాదస్తుల కోసం పెట్టించిన అలారం

మా ఏలూరులో బండికి హ్యాండిల్ లాక్ వేసి వెళ్లేవాళ్లను మంచివాళ్లని అనరు. బజారులో బళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడతాయి. వెనకవాళ్లకి దారి కావాలంటే ముందున్న బండిని పక్కకి జరుపుకోవాలి. అందుకని అందరూ హ్యాండిల్ వదిలేసి వెళ్తారు. ఫంక్షన్ హాల్ దగ్గరైనా రైల్వే స్టేషన్ దగ్గరైనా "లాక్ వెయ్యకండేం, మేం సర్దుకుంటామండీ" అని వాచ్‌మనే చెబుతాడు. ఒకరి బండి ఇంకొకరు జరపడం ఇక్కడ మర్యాద, లాక్ వెయ్యడం పొగరు. ఆ లెక్కన ఊరందరిలోకీ పెద్ద పొగరుబోతుని నేనే. నా బండికి లాకే కాదు, అలారం కూడా ఉంది. ముట్టుకుంటే వీధి చివరిదాకా వినబడేలా అరుస్తుంది. అరవనివ్వండి, నాకేం సిగ్గు లేదు.

నాది మూడు చక్రాల బండి. గేర్లు లేని స్కూటరుకి వెనకభాగం మార్పించి అటొకటి ఇటొకటి చక్రాలు పెట్టించాను. చిన్నప్పుడు పోలియో వచ్చి నా కుడికాలు చచ్చుబడిపోయింది. కాలికి ఇనప పట్టీల క్యాలిపర్, చంకలో కర్ర, ఇదీ నా నడక. పెళ్లి జాకెట్లకి మగ్గం వర్క్ చేస్తాను. మా నాన్న జరీ పనివాడు, సూది పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బజారులో ఒక కాంప్లెక్స్‌లో చిన్న కొట్టు పెట్టుకున్నాను. పక్కన కూర్చుని అమ్మ జాకెట్ల అంచులు కుడుతుంది.

బండి రాకముందు తమ్ముడికి తీరిక దొరికినప్పుడే నాకు కాళ్లుండేవి. వాడు విసుక్కోకుండానే తీసుకెళ్లేవాడు, అబద్ధం ఆడకూడదు. కానీ వాడు రాకపోతే నేను లేను. బండి వచ్చాక కొలతలకి మండవల్లి దాకా ఒక్కదాన్నే వెళ్లాను. రెండువైపులా చేపల చెరువులు, మధ్యలో రోడ్డు, కొల్లేటి గాలికి చున్నీ నిలవదు. ఆ రోజు ఎవరూ లేరు కదా అని రోడ్డు మీద గట్టిగా నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పుడు అడిగినా చెప్పలేను.

అలారం సంగతి తాడేపల్లిగూడెంలో మొదలైంది. పెళ్లికూతురి జాకెట్ ముహూర్తం రోజున ఫంక్షన్ హాల్‌కే తీసుకెళ్లి ఇవ్వాల్సి వచ్చింది. బండిని మెట్ల పక్కనే పెట్టి, హ్యాండిల్ లాక్ వేసుకుని లోపలికి వెళ్లాను. ఒక హుక్కు సరిచేసి, అక్షింతలు పడకముందే బయటికొచ్చాను. బండి లేదు. దొంగలెత్తుకుపోయారనే అనుకున్నాను.

"ఏవండీ, కంగారుపడకండి. వెనక జనరేటర్ దగ్గర నీడలో పెట్టామండీ. ఎండకి సీటు కాలిపోతుంది కదా!" అన్నాడు వాచ్‌మన్, ఎంతో ఉపకారం చేసినవాడిలా.

"లాక్ వేశాను కదండీ?"

"ముందు చక్రం ఎత్తి పట్టుకుని లాగేశామండీ. తేలిగ్గానే వచ్చేసింది."

అప్పుడు తెలిసింది నాకు. రెండు చక్రాల బండికి హ్యాండిల్ లాక్ వేస్తే వంకరగా తిరుగుతుందే తప్ప ముందుకి పోదు. మూడు చక్రాలదానికి ఆ ఇబ్బంది లేదు. ముక్కు పట్టుకుని పైకెత్తితే వెనక రెండు చక్రాల మీద తోపుడు బండిలా వచ్చేస్తుంది. గేర్లు లేవు కనక చక్రాలని పట్టి ఆపేది కూడా లేదు. ఇన్నాళ్లూ నేను వేసిన లాక్ ఉత్తిదే.

హాల్ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాలి. వంటలవాళ్లు గిన్నెలు కడిగిన నీళ్లు పారి దారంతా బురదైంది. కర్ర జారింది, పడ్డాను. వెంటనే నలుగురు పరిగెత్తుకొచ్చి చంకల్లో చేతులేసి లేపారు. వాళ్లూ అడగలేదు. మోసుకెళ్లి బండి మీద కూర్చోబెట్టారు. "పాపం, ఒక్కరూ ఎందుకొచ్చారమ్మా?" అంది ఒకావిడ. అరికాలి మంట నెత్తికెక్కింది. మీరు నా బండిని మెట్ల దగ్గర వదిలేసి ఉంటే నేను ఒక్కదాన్నే వచ్చి ఒక్కదాన్నే పోయేదాన్ని కదా తల్లీ! ఆ మాట పైకి అనలేదు. ఏలూరు దాకా దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను.

మర్నాడే అలారాలు బిగించే కొట్టుకి వెళ్లాను. అక్కడ మెకానిక్ నా బండిని చూసి నవ్వాడు.

"మూడు చక్రాల బండిని ఎవడు ఎత్తుకెళ్తాడండీ మేడమ్? దొంగకి కూడా పరువుంటుంది."

"దొంగల కోసం కాదండీ. మర్యాదస్తుల కోసం."

వెనక చక్రాలు తిరక్కుండా బ్రేకు పట్టి ఉంచే తాళం ఒకటుంది, అది చాలన్నాడు. వద్దన్నాను. బండి కదలకుండా ఉండడం కాదు నాకు కావలసింది. కదిపేముందు నన్ను పిలవాలి.

అతను సీటు కింద అగ్గిపెట్టెంత నల్ల డబ్బా బిగించాడు. అదే దీని బుర్ర. ఇంజన్‌కి వెళ్లే వైరుని తెంపి దాని గుండా పోనిచ్చాడు. రిమోట్ నొక్కి కాపలా పెట్టాక ఎవరైనా తాళం తిప్పినా ఇంజన్ స్టార్టవదు. డబ్బాలో అదురు పసిగట్టే ముక్క ఒకటి, వాలు పసిగట్టే ముక్క ఒకటి ఉన్నాయి. చెయ్యి తగిలితే చిన్నగా కీచుమంటుంది, అది హెచ్చరిక. అయినా ఊరుకోకుండా కదిపితే సైరన్ మోగుతుంది.

"ఎత్తి చూడండి," అన్నాను.

అతను ముందు చక్రం పట్టుకుని నెమ్మదిగా ఎత్తాడు. బండి కీచుమని ఊరుకుంది, సైరన్ మోగలేదు. సైరన్ పాడైందేమోనని చూశాడు, బాగానే ఉంది. ఇద్దరం తలలు పట్టుకున్నాం. కాసేపటికి నాకే తట్టింది. స్టాండ్ మీద పక్కకి ఒరిగి ఉండే బండిని ఎవరైనా నిటారుగా లేపితే తెలిసేలా అతను డబ్బాని అలవాటు కొద్దీ అడ్డంగా బిగించాడు. నా బండి పక్కకి ఒరగదు కదా, ముక్కు పైకి లేస్తుంది. డబ్బా విప్పి నిలువుగా తిప్పి బిగించమన్నాను. ఈసారి ముందు చక్రం నేల వదిలిందో లేదో, కొట్టు కొట్టంతా అదిరిపోయింది. అతను చెవులు మూసుకున్నాడు. నాకైతే అది పాటలా వినబడింది.

అయితే అదురు పసిగట్టే ముక్క మరీ చురుగ్గా ఉండిపోయింది. చేపల లారీలు రోడ్డు మీద పోతే చాలు, నా బండి కేకలు పెట్టేది. ఆ తప్పు నాదే, వెళ్లి తగ్గించుకొచ్చాను. కానీ అప్పటికే కాంప్లెక్స్‌లో అందరికీ నేను పంటికింద రాయినైపోయాను. పక్క కొట్టు పెద్దాయన నేరుగా అనేశాడు.

"మేమెవ్వరం లాక్ కూడా వెయ్యమమ్మా. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది మీ వ్యవహారం. మమ్మల్ని దొంగలనుకుంటున్నారా?"

"లేదండీ. దొంగలైతే బండిని జరిపి అక్కడే వదిలెయ్యరు."

అమ్మ కూడా సణిగింది. "నలుగురితో పాటు ఉండాలే. వాళ్లేం నీ మీద పగబట్టి జరుపుతున్నారా?" పగైతే నయం, పోట్లాడొచ్చు. జాలితో ఎలా పోట్లాడతాం?

చివరికి కాంప్లెక్స్ ఓనరు గారే వచ్చారు. తెల్లచొక్కా మనిషి, గొంతు లేపరు. "ఇంకొక్కసారి ఆ మోత వినబడిందా, బండి రోడ్డు మీద పెట్టుకోవాల్సిందేనమ్మా. లోపల కుదరదు." అదీ ఆయన తీర్పు. నేను బండి పెట్టుకునేది మెట్ల పక్కన, ఏటవాలు సిమెంటు దిమ్మకి ఆనుకుని. దిగితే దిమ్మ, దిమ్మ దాటితే కొట్టు. రోడ్డు మీద పెడితే మురుక్కాలవ మీద వేసిన పలక దాటి, దిమ్మ దాకా నడిచి రావాలి. వానాకాలంలో ఆ పలక మీద నా కర్ర నిలవదు. అంటే కొట్టు మూసుకుని ఇంట్లో కూర్చోమన్నట్టే. అలారం తీయించెయ్యమని అమ్మ బతిమాలింది. నేను తీయించలేదు.

ఆ తర్వాత ఒక శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయి బజారు మళ్లీ జనంతో నిండుతున్న వేళ, పై అంతస్తులోని బట్టల కొట్టుకి సరుకుల వ్యాను వచ్చింది. నేను మగ్గం మీద నెమలి మెడకి పూసలు కుడుతున్నాను. బయట కీచుమని వినబడింది. చెయ్యి ఆగింది. ఆ వెంటనే సైరన్ మోగింది.

గుమ్మంలోంచి చూస్తే ఓనరు గారే! ఒకపక్క ఆయన, ఇంకోపక్క వాచ్‌మన్, నా బండి ముక్కు పట్టుకుని గాల్లో నిలబెట్టారు. మోతకి బెదిరి దించాలో లాగాలో తెలియక అలాగే ఉండిపోయారు.

"ఆపేయవే, ఆపేయ్! ఉన్న చోటు కూడా పోతుంది!" అమ్మ నా చెయ్యి పట్టుకుంది. రిమోట్ నా మెడలోనే ఉంది. కూర్చున్నచోటు నుంచి నొక్కితే ఆగిపోతుంది. ఓనరు గారు బండిని ఎక్కడికో లాగేస్తారు, నేను తలవంచుకుని పూసలు కుట్టుకుంటాను, చోటు మిగులుతుంది. తాడేపల్లిగూడెంలో ఆ బురద గుర్తొచ్చింది. చోటు పోతే పోనీ అనుకున్నాను.

సూదిని గుడ్డకి గుచ్చాను. క్యాలిపర్ బిగించుకున్నాను. కర్ర తీసుకుని నా నడకలోనే బయటికి వెళ్లాను. బజారంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. సైరన్ గుక్కపట్టిన పసిపిల్లలా ఏడుస్తూనే ఉంది.

"ముందు దాన్నాపండమ్మా!" ఆ గొంతు లేవడం నేను వినడం అదే మొదటిసారి.

"ముందు బండి దించండి."

"వ్యాను లోపలికి రావాలి, కనబడటం లేదా?"

"కనబడుతోందండీ. దించండి. ఉన్నచోటే."

వాచ్‌మన్ ముందు వదిలేశాడు. బరువంతా మీద పడేసరికి ఆయనా దించక తప్పలేదు. రిమోట్ నొక్కాను. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం అయ్యేసరికి నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"మోత వినబడితే బండి బయటికి పోవాలన్నారు. మోగించింది మీరేనండీ. ఈ బండి నా కాళ్లు. నేను కూర్చుని ఉండగా నా కాళ్లెత్తి అవతల పెడతారా? అడగండి, నేనే తీస్తాను. రోడ్డు మీద మాత్రం పెట్టను."

ఆయన మొహం కందగడ్డ అయింది. మింగలేరు, కక్కలేరు. వ్యాను డ్రైవరు తల బయటికి పెట్టి, ఇదంతా తనకేం పట్టనట్టు, "ఏవండీ, కొంచెం బండి తీస్తారాండీ?" అన్నాడు.

"తీస్తానండీ. దానికేం భాగ్యం!"

బండెక్కి స్టార్ట్ చేసి ముందుకి తీశాను. వ్యాను లోపలికి వెళ్లింది. చుట్టూ తిప్పుకొచ్చి మళ్లీ నా దిమ్మ పక్కనే పెట్టి, రిమోట్ నొక్కాను. బండి కూయ్ మంది.

చోటు పోతుందని అమ్మ చాలా రోజులు భయపడింది. ఓనరు గారు మా కొట్టు ముందునుంచి పోయేటప్పుడు తల తిప్పుకునేవారు. నేనూ పలకరించలేదు. బండి అక్కడే ఉంది.

తర్వాత వానలు మొదలయ్యాయి. ఒకరోజు ముసురులో ఆయన గొడుగేసుకుని మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. "ఏవండీ... ట్యాంకరొచ్చింది. బండి..." అని ఆగిపోయారు.

"వస్తున్నానండీ. నాకు కాస్త టైము పడుతుంది."

"పర్లేదమ్మా," అన్నారు.

సూది గుచ్చాను, క్యాలిపర్ పట్టీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాను, కర్ర అందుకున్నాను. తొందరపడలేదు. బయట ట్యాంకరు హారన్ కొడుతోంది. ఆయన వెనక్కి తిరిగి, ఆగమన్నట్టు చెయ్యెత్తి, మళ్లీ గుమ్మంవైపు తిరిగారు. సగం చొక్కా తడుస్తున్నా పక్కకి జరగలేదు. పుట్టి ఇన్నేళ్లయ్యాక, నన్ను ఎత్తకుండా, మొయ్యకుండా, నా నడక కోసం ఒక మనిషి నిలబడి ఎదురుచూశాడు.