మే నెలలో కడిగిన సిలోన్ రీళ్లు

1956 మే నెల. దినపత్రికలో డార్క్‌రూమ్ పని మాని, చార్మినార్ వెనక సందులో ఫొటో స్టూడియో పెట్టుకున్నాను. ఎండాకాలం రీళ్లు కడగడానికి ఒప్పుకునేవాణ్ణి కాదు. ఫిల్ము మీద బొమ్మను పట్టుకునే పల్చటి పొరను ఎమల్షన్ అంటారు. నీళ్లు వేడిగా ఉంటే అది మెత్తబడి జారిపోతుంది.

అప్పుడే ఛత్రినాక నుంచి సుశీల వచ్చింది. వృక్షశాస్త్రం విద్యార్థిని. కాలేజీ తరఫున సిలోన్ వెళ్లి, వానఅడవుల్లో ఫెర్న్ మొక్కలనూ, వాటిని కూర వండుకునే పల్లెవాళ్లనూ చూసి వచ్చింది. తెచ్చిన ఆకులన్నీ దారిలో చెమ్మకు బూజుపట్టాయి. ఇక మిగిలినవి అక్కడ ఫొటోలు తీసిన రీళ్లే. వారంలోగా ఫొటోలు చూపిస్తేనే పరిశోధనకు సీటు.

"వానలు పడ్డంక రా అమ్మా," అన్నాను.

"అప్పటికి సీటు ఇంకొకరికి పోతది. మీరు కడగనంటే గది ఇయ్యుండ్రి, నేనే కడుగుత."

"నీకొస్తదా?"

"రాదు. నేర్చుకుంట."

ఇక కాదనలేకపోయాను. "ముందు ఒక రీలు ముక్క కోసి చూడాలె. టెస్ట్ స్ట్రిప్ అంటం. అండ్ల బొమ్మలు పోవచ్చు. ఏ రీలు కొయ్యాలె?"

చాలాసేపు చూసి ఒకటి ముందుకు జరిపింది. "గిది. దీంట్ల ఉన్నది నేనే. నా దోస్తులు తీసిన్రు."

మొదటి ముక్క మీది పొర మీగడలా నా వేళ్లకంటుకుంది. మర్నాడు బొమ్మను బయటికి తెచ్చే మందునీళ్లను మంచుతో చల్లబరిచాను. తర్వాత కడిగిన నీళ్లు వెచ్చగా ఉండటంతో రెండో ముక్క మీది పొర వలలా పగిలింది. అన్ని తొట్లూ ఒకే చల్లదనంలో ఉంచి, పొరను గట్టిపరిచే క్రోమ్ ఆలమ్ కలిపాక మూడోది నిలిచింది. కానీ అది రీలు చివరి ముక్క, దాని మీద సుశీల బొమ్మ ఒక్కటీ లేదు.

మిగతావాటి కోసం తెల్లవారగానే సుశీల తండ్రి మల్లయ్య పాలబండి మీద మంచుగడ్డలు తెచ్చాడు.

"ఏంది సార్, పాలకు లేని మంచు ఫొటోలకా? మా బర్లు చూస్తే నవ్వుతయి!"

"నవ్వనీ బాపు. ఇంకో గడ్డ దించు," అంది సుశీల.

కడిగే నీళ్లు మార్చే పని తనే తీసుకుంది. వేళ్లు తెల్లబడి ముడుచుకుపోయినా తొట్టి వదల్లేదు. "జర కూసో అమ్మా," అంటే, "మీరు ఫిల్ము చూడుండ్రి. నీళ్ల ఫికర్ నాది," అంది.

మధ్యాహ్నానికి రీళ్లు దారానికి వేలాడాయి. ఆకుల ఈనెలు, పల్లె ఆడవాళ్ల బుట్టల అల్లిక స్పష్టంగా కనబడ్డాయి. మల్లయ్య వాటిని కిటికీ వెలుతురులో పట్టి చూశాడు.

"మస్తుగున్నయి. గని, నువ్వేడున్నవ్ బిడ్డా? మీ నాయనమ్మకు ఏం చూపియ్యాలె?"

"గివే చూపియ్యి బాపు. నేను ఏడ నిలబడి ఏం చూసిన్నో గదే ఇండ్ల ఉన్నది."

మల్లయ్య మళ్లీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాడు.

సుశీలకు సీటు వచ్చింది. అంతవరకూ రీలు తెచ్చినవాళ్లను సైజెంత, ఎప్పటికి కావాలి అనే అడిగేవాణ్ణి. ఆ తర్వాత ముందు ఇంకో మాట అడగడం అలవాటు చేసుకున్నాను: "ఇండ్ల ఏది పోతే మీకు మళ్ల దొరకదు?" జవాబు వచ్చేదాకా రీలు విప్పను.