గుక్కెడు నీళ్లు

ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకునే ఆయాలు పని సరిగా చేస్తున్నారో లేదో వెళ్లి చూసి రావడం నా ఉద్యోగం. ఆ మధ్యాహ్నం పుదుచ్చేరి టౌన్ బస్సులో నా పక్కన ఒక అవ్వ, ఆమెకు అటువైపు ఆయా కూర్చున్నారు. అవ్వ తల నున్నగా దువ్వి ఉంది. ఉతికిన చీర, మొహాన పౌడరు. ఆయా మాటిమాటికీ ఆమె చెమట తుడుస్తోంది. నేనైతే మంచి మార్కులే వేసేదాన్ని.

ఫోన్లో మా అక్కతో తెలుగులో మాట్లాడి పెట్టేశాక, అవ్వ నా వైపు తిరిగింది.

"నగతానే ఇను పాపా. ఈ పిల్లకి మన మాట రాదు," అంది నవ్వుతూనే. "నాకు నీళ్లియ్యదు. తాగితే ఒంటికి తీసకపోవాల గదా, అందుకని."

ఆయా మా ఇద్దరినీ చూస్తోంది. నేను బలవంతాన నవ్వాను.

"ఇంట్లో చెప్పలేదా అవ్వా?"

"వాళ్లు అడిగేదంతా దీని ముందరే గదా. బాగుండాననే చెప్తా."

నా సీసా మూత తీసి అందించాను. అవ్వ చెయ్యి చాపబోయి, ముందు ఆయా మొహం చూసింది. అవ్వకు దాహం వేయదని ఆయా తమిళంలో చెప్పింది. అయినా సీసా అవ్వ చేతిలో పెట్టాను. ఆమె తాగలేదు.

రెడ్డియార్‌పాళయంలో ఆయా ఆమెను ఎంతో నెమ్మదిగా దింపింది. సీసా సీటు మీదే ఉంది, నిండుగా.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, కూర్చోగానే రెండు గ్లాసుల నీళ్లు అడుగుతాను. ఒకటి పెద్దావిడ చేతికిచ్చి, తాగే ముందు ఆమె ఎవరి మొహం చూస్తుందో చూస్తాను.