చిల్లుల్లేని ఆకులు

ఈ పొద్దున పక్క ఫ్లాట్ అమ్మాయి గుప్పెళ్ల నిండా పుదీనా, కొత్తిమీర పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. బాల్కనీ కుండీల్లో వేసిందట, ఏపుగా వచ్చేసిందట. "ఆంటీ, పచ్చడి తిని తిని మావాళ్లకు విసుగెత్తింది. వీటితో ఇంకేం చేసుకోవచ్చో చెప్పరా?" అంది. నేను మొదలుపెడితే ఆగుతానా! ఆఫీసుకు టైమవుతోందని చివరికి ఆ పిల్లే పారిపోయింది. చెప్పినవన్నీ మా తోటికోడలి దగ్గర నేర్చుకున్నవే. ఆమె మావారి అన్నగారి భార్య, నేను అక్కయ్య అంటాను. అమ్మాయి వెళ్లాక ఆ ఆకును వెలుతురులో పెట్టి ఒక్కొక్కటే తిప్పి చూశాను. రెండు ఆకులకు పురుగు కొట్టిన చిల్లులున్నాయి. అవి కనబడ్డాకే నా మనసు కుదుటపడింది. ఈ పిచ్చి నాకు ఆరేళ్ల కిందట పట్టింది.

అక్కయ్య వాళ్ల ఊరు గుంటూరుకు అరగంట దూరం. పెరడంటే మరీ పెద్దదేం కాదు, ఐదారు మంచాలు వాల్చితే నిండిపోతుంది. వెనక ముళ్లకంచె, కంచె దాటితే వాళ్లదే మిరప చేను. ఆ కాస్త నేలలోనే పుదీనా, కొత్తిమీర, మెంతికూర, వామాకు, నిమ్మచెట్టు, గోడవారగా తమలపాకు తీగ. ఈ పూట ఏం వండాలని అక్కయ్య ముందుగా ఆలోచించడం నేనెన్నడూ చూడలేదు. పెరట్లోకి వెళ్లి ఏది లేతగా కనిపిస్తే దాన్ని కోసుకొచ్చేది. నిమ్మ ఆకులు ఈనె తీసి నలిపి మజ్జిగలో వేసేది. కాసేపాగి తాగితే నిమ్మకాయ పిండకుండానే ఆ వాసన గొంతులోకి దిగేది. వామాకుతో అందరూ బజ్జీలు వేస్తారు, ఆమె నేతిలో వేయించి పెరుగు పచ్చడి చేసేది. లేత తమలపాకులు సన్నగా తరిగి పెసరపప్పులో కలిపేది. కొత్తిమీర కాడలు పారేశానని ఒకసారి వీధి చివరిదాకా వినిపించేట్టు నన్ను కేకలేసింది. "రుచంతా కాడలోనే ఉంటుందమ్మాయ్, ఆకుదేముంది, షోకు!" అని వాటిని దారంతో కట్ట కట్టి, మరుగుతున్న చారులో వేసి, దించేముందు తీసేసింది. ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పిన నన్ను ఆమె తన వంటింట్లో ఒకటో తరగతి దాటనివ్వలేదు. ఏ ఆకు కోసినా ముందు ఒకటి నోట్లో వేసుకుని నమలాల్సిందే. పచ్చి పచ్చడి నూరితే ఉప్పు చూడటానికని నాలుగైదుసార్లు అరచేతిలో వేసుకుని నాకాల్సిందే.

ఆ ఇంట్లో ఇంకో పద్ధతి ఉండేది. నేను బావగారి ఎదుట మాట్లాడేదాన్ని కాదు. బళ్లో వందమందిని ఒక్క అరుపుతో కూర్చోబెట్టే దాన్ని, ఆయనకు కాఫీ గ్లాసు గుమ్మం పక్కన పెట్టి గాజులు గలగలమనిపించి తప్పుకునేదాన్ని. ఆయన కూడా నన్నేమైనా అడగాలంటే అక్కయ్యను అడిగేవారు. ఇదంతా మర్యాదనుకునేవాళ్లం, ఎవరికీ ఇబ్బందిగా కూడా ఉండేది కాదు.

ఆ ఏడు మిరప పూతలో నల్ల తామర పురుగు పడింది. పువ్వు విప్పి చూస్తే నల్లగా, నలుసుల్లా కదిలేవి. వారానికోసారి కొట్టే మందు మూడు రోజులకోసారి కొట్టారు, ఒక మందుకు రెండోది కలిపి కొట్టారు. చేలమీదుగా గాలి మళ్లితే ఊరంతా తలుపులు వేసుకునేది. కొన్నాళ్లకు ఆ వాసన కూడా అలవాటైపోయింది. నాకు సెలవులొచ్చి నేనూ మావారూ వెళ్లేసరికి చేను సగం ముడుచుకుపోయి ఉంది గానీ పెరడు మాత్రం నిగనిగలాడుతోంది. "పోయిన నెల పుదీనా అంతా జల్లెడే అమ్మాయ్, ఆయనతో చెప్పి ఏడ్చాను. ఇప్పుడు చూడు, ఒక్క చిల్లు లేదు!" అని అక్కయ్య మురిసిపోయింది. నేనూ మురిశాను. తులసి కంకుల మీద ఒక్క తేనెటీగ లేకపోవడం చూశాను, ఎండ ఎక్కువైందనుకున్నాను. అంతకుముందు వారం పెరట్లో తిరిగే పెట్ట ఒకటి చచ్చిపోయిందట, తెగులనుకున్నారు.

మర్నాడు పొద్దున కిటికీలోంచి చూస్తే బావగారు మందు ట్యాంకు వీపున వేసుకుని పెరట్లో ఉన్నారు. చేలో కొట్టగా అడుగున మిగిలిన మందును మా వైపు ఎవరూ పారబోయరు, ఇంటికి తెచ్చి ఏ బీర పాదు మీదో కొట్టేస్తారు. అది నాకు తెలుసు. పుదీనా మడి దగ్గర ఆయన చెయ్యి ఆడటం కనిపించింది. ట్యాంకు కడుగుతున్నారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. పిలిచి ఒక్కమాట అడగాలంటే ఆయనతో మాట్లాడాలి, ఆయన పని గురించి అక్కయ్యను అడిగితే చాడీ చెప్పినట్టుంటుంది. ఇన్ని ఆలోచించి, వెళ్లి తల దువ్వుకున్నాను.

పదకొండింటికి అక్కయ్య ఆ మడిలోనే ఆకు కోసింది. ఒకసారి నీళ్లలో జాడించి, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి రోట్లో నూరింది. కోసేటప్పుడు నమిలింది, నూరేటప్పుడు నాకింది. మావారు ఊళ్లోకి వెళ్లి రాలేదని మేమింకా విస్తళ్లు వేయలేదు. అరగంటయ్యేసరికి అక్కయ్య, "ఇదేంటమ్మాయ్, చూపు మసగ్గా ఉంది" అంటూ వచ్చి గడపలో కూర్చుంది. చెమటకు జాకెట్టు తడిసిపోయింది, నోట్లోంచి చొంగ కారుతోంది. ఆ తర్వాత వాంతులు. బావగారు పిలుచుకొచ్చిన ఆటోలో గుంటూరు చేరేలోపు నా ఒళ్లో తల పెట్టుకుని మాట లేకుండా అయిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు ఆమె రెప్పలెత్తి టార్చి వేసి చూసి, "పురుగుమందే. ఎప్పుడు తాగింది?" అన్నాడు. తాగలేదన్నాను. మా వైపునుంచి వచ్చే వాళ్లంతా అదే అంటారన్నట్టు నా వంక చూశాడు. నర్సు నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో గొడవ జరిగిందా అండీ?" అని అడిగింది. "ఏ మందో తెలిస్తే మాకు సులువు" అని డాక్టరు మళ్లీ అన్నాడు. బావగారు గోడకు ఆనుకుని నేల చూస్తున్నారు. ఆయనకంతా అర్థమైపోయిందని నాకు అర్థమైంది. లోపల అక్కయ్య ఊపిరి గురగురమంటోంది.

"బావగారూ," అన్నాను. పెళ్లయిన పాతికేళ్లకు అదే మొదటి మాట. "పొద్దున పుదీనా మీద కొట్టింది ఏం మందో చెప్పండి."

ఆయన రెండు పేర్లు చెప్పారు. "చిల్లులు పడుతున్నాయని బాధపడింది. చెప్పకుండా చేస్తే సంతోషిస్తుందనుకున్నానమ్మా" అన్నారు. నెల రోజులుగా మిగిలిన మందల్లా అక్కడే కొడుతున్నారట.

అక్కయ్య బతికింది. ఐదో రోజున ఆయన మంచం పక్కన కూర్చుని అంతా తనే చెప్పుకున్నారు. ఆమె అంతా విని, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగింది. ఆమె మందు తాగిందనే ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు. నేను పొద్దున్నే నోరు తెరిచి ఉంటే ఆ మాట కూడా ఆమె పడాల్సి వచ్చేది కాదు. దానికి నేను ఎవరిమీదా నెపం వెయ్యలేను.

పెరడు అలాగే ఉంది, వంటలూ అవే. అంతకుముందు అందరికీ ఒకేసారి వడ్డించే ఇల్లు అది. ఇప్పుడు మాత్రం అక్కయ్య ముందు బావగారికి ఒక్కరికే వడ్డిస్తుంది. మొదటి ముద్ద పచ్చి పచ్చడితోనే. ఆయన తలవంచుకుని తింటారు. ఆమె ఎదురుగా పీట వేసుకుని విసనకర్ర విసురుతూ ఆయన కళ్లలోకి చూస్తూ కూర్చుంటుంది. ఇంటికొచ్చిన వాళ్లు, ఈ వయసులోనూ మొగుడంటే ఎంత భక్తో అని మెచ్చుకుంటారు. అరగంటయ్యాక ఆమె లేచి, "ఆయన తిన్నారుగా, ఇక మీరు రండి" అని మిగతా విస్తళ్లు వేస్తుంది. ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఆ అరగంట రోజూ గడుస్తూనే ఉంది, ఇంకా గడిచిపోలేదు.