చెంబు చప్పుడుకు వచ్చిన కొర్రమీను

ఆ కాలంలో మా అమరచింత ఇంట్లో చేపల కూరకు తొందర ఉండేది కాదు. మా నాయన కృష్ణా నది నుంచి కొర్రమీన్లను ప్రాణంతో తెచ్చి పెరట్లోని రాతి తొట్టిలో వదిలేవాడు. చుట్టం వచ్చేదాకా అవి అక్కడే బతకాలి. (ఇప్పుడు ఫ్రిజ్జు పెట్టి కరెంటు తగలేస్తున్నారు. ఆ తొట్టికి ఏ బిల్లూ లేదు.) మూడో తరగతితో బడి మానిన నాకు ఓసారి ఆ తొట్టిలో రెండు చేపలు శిష్యులుగా దొరికాయి. చెంబుతో అంచు మీద టంగుమని కొట్టి ఎర్ర, అదే వానపాము, వేసేదాన్ని. ఒకటి మహా ధైర్యశాలి. వారం తిరక్కముందే పాఠం నేర్చి, చప్పుడైతే చాలు నోరు తెరుచుకుని పైకొచ్చేది. దానికి దొర అని పేరు పెట్టాను. రెండోది రాయి సందులోంచి తోక కూడా బయటపెట్టేది కాదు. పిరికిదానా, మొద్దుదానా అని తిట్టేదాన్ని, బడిలో పంతులు నన్ను తిట్టినట్టే.

తిమ్మాజిపేట మేనమామ వస్తున్నాడని కబురు వచ్చింది. చెంబు మోగితే దొర తానే వెళ్లి అమ్మకు చిక్కుతుంది! నేర్పిన పాఠం మరిపించాలని, చెంబు కొట్టి, అది రాగానే చీపురుతో నీళ్ల మీద చరిచాను. మునిగింది. మళ్లీ కొట్టాను. మళ్లీ వచ్చింది. అదే నోరు, అదే ఆశ. మొద్దు అనుకున్నది మాత్రం ఒక్క చీపురు దెబ్బకే సంగతి గ్రహించింది. చెంబు మోగితే ఇంకా లోపలికి దూరేది.

మామ వచ్చిన రోజు అమ్మ గంప తెచ్చి, చెంబు తొట్టి అంచున పెట్టింది. టంగుమంది. దొర హాజరు.

"ఓ తమ్మీ, జర జూడు! పిలిస్తే వస్తుంది. గిసొంటి చేపను ఏడన్న జూసినవా?"

నేను గంప పట్టుకుని ఏడ్చాను. "కొయ్యకే అమ్మా! అది ఎర్రల కోసం వచ్చిందే, కూర కోసం కాదు!"

మామ తొట్టిలోకి వంగాడు. దొర ఆయనకూ నోరు తెరిచింది.

"ఆకలైతుందని నోరు దెరిస్తే ఎట్ల కోస్తవక్కా? నాకు ముద్ద దిగదు. ఆ రెండోదాన్ని తియ్యి."

అమ్మ కొంగు బిగించి, భుజాల దాకా తడిసి వెతికింది. దొరికితేగా! "గిది చేపనా, దయ్యమా?" చివరికి మామ వంకాయ కూరతో జొన్నరొట్టె తిన్నాడు. "చేపలు తిందామని వస్తి, చూసి పోతున్న," అంటూ నవ్వాడు.

తర్వాత కృష్ణకు పోయినప్పుడు నాయన గొణుక్కుంటూనే రెండింటినీ బిందెలో తీసుకెళ్లి వదిలాడు. "ఎవరు చప్పుడు చేసినా రాకు బిడ్డా," అని దొరకు చెప్పాను. విన్నట్టు లేదు.

ఇప్పుడు వనపర్తిలో కొడుకు దగ్గరుంటున్నాను. డాక్టరు నాకు చక్కెర మానిపించాడు. కోడలు తమ చాయలో చెంచా తిప్పిన చప్పుడైతే చాలు, మోకాళ్ల నొప్పి మరిచి వంటింటి గుమ్మంలో నిలబడతాను. "అత్తమ్మా, మీ దాంట్ల చక్కెర ఎయ్యలే," అని ముందే చెబుతుంది. దొర గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. రేపు చెంచా మోగితే మళ్లీ పోతాను. అదే నోరు, అదే ఆశ.