సిగిరియాను రెండుసార్లు ఎక్కిన రోజు

పక్కింటివాళ్లు మేడ కడుతున్నారు. ఎండెక్కాక మేస్త్రీ పైపు పట్టుకుని నిన్న లేపిన గోడకు నీళ్లు కొడతాడు. కాగిన ఇటుక ఆ నీళ్లను పీల్చుకునేటప్పుడు ఒక వాసన లేస్తుంది. దుమ్ము వస్తుందని మా కోడలు కిటికీలు మూస్తుంది, నేను వెనకాలే వెళ్లి తెరుస్తాను. ముసలిదానికి చాదస్తం అనుకుంటుంది కాబోలు. ఆ వాసన తగిలితే చాలు, నాకు రూతమ్మ టీచర్ గుర్తొస్తుంది. జహీరాబాదు పక్క పల్లెలో పుట్టి పెరిగిన నన్ను సముద్రం దాటించి, ఒకే రోజు ఒకే కొండను రెండుసార్లు ఎక్కించిన మహాతల్లి ఆమె.

రూతమ్మ టీచర్ జహీరాబాదులో మా ఆడపిల్లల బడికి పెద్ద టీచరు. చిరాగ్‌పల్లిలో కూలి చేసుకుని బతికే క్రైస్తవుల ఇంట పుట్టింది. వాళ్లమ్మ ఇటుక బట్టీలో మట్టి తొక్కి, అచ్చులు పోసి ఆమెను చదివించింది. ఆ సంగతి ఆమె ఏనాడూ దాచలేదు, గొప్పగా చెప్పుకోనూ లేదు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె వరండాలో దగ్గితే బడి మొత్తం సర్దుకుని కూర్చునేది. చరిత్ర అంటే ఆమెకు ప్రాణం. సింహళ దేశంలో అడవి మధ్య నిలువునా లేచిన ఒక బండ, దాని నెత్తిన పూర్వం ఒక రాజు కట్టుకున్న కోట, దాని పేరు సిగిరియా అని మా పాఠంలో నాలుగు ముక్కలు, ఒక మసక బొమ్మ ఉండేవి. ఏటా ఆ పాఠం చెప్పి చివర్లో, "నేను చూడలే పిల్లలూ, పుస్తకం చెప్పిందే మీకు చెప్తున్న" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు కాస్త తగ్గేది.

నేను ఝరాసంగం రైతుబిడ్డను. ఆ బడిలోనే చదువుకుని, ట్రైనింగు ముగించి, అక్కడే టీచరుగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నోట్లో నాలుక లేని దాన్ని. తరగతిలో నిలబడితే గొంతు పట్టేసేది. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని గబగబా చదివేసి బయటపడేదాన్ని, వెనక బెంచీల పిల్లలు హాయిగా గచ్చకాయలు ఆడుకునేవాళ్లు. ఆ ఉద్యోగమంటే నాకు ఎంత ఇష్టమో, ఆ పిల్లల కళ్లంటే అంత భయం. ఇంక నావల్ల కాదు, వేసవి సెలవుల తర్వాత రానని ఏడుస్తూ చెప్పాను. రూతమ్మ టీచర్ నిదానంగా విని, "మానేసేటప్పుడు మానేద్దువు తియ్యి. ముందుగాల నాతోటి సింహళం రా" అంది. ఆ వేసవిలో టీచర్లు కొందరు కలిసి యాత్రకు వెళ్తున్నారు. అరవైలు మొదలైన కొత్త రోజులవి.

సముద్రం అనేసరికి మా నాయన అడ్డం తిరిగాడు. ఆమె మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని చల్ల తాగి, "పటేలా, నీ బిడ్డను తీస్కపోయినట్టే తీస్కొచ్చి నీ ఇంట్ల దింపుత. ఫికర్ జెయ్యకు" అంది. ఆ గొంతుకు ఎదురు చెప్పినవాళ్లను నేను చూడలేదు, మా నాయనా చెప్పలేదు.

ఆ కొండ ఎక్కడం కోసం ఆమె బయల్దేరేదాకా రోజూ ఊరి బయట మొరం గుట్ట ఎక్కి దిగుతూ సాధన చేసింది. ఎండబెట్టిన జొన్న రొట్టెలు, పల్లీల పొడి మూట కట్టుకుని రైళ్లు మారుతూ ధనుష్కోడి దాకా వెళ్లాం. అక్కడ ఓడ ఎక్కాం. తర్వాత కొన్నేళ్లకు ఆ ఊరే తుఫానులో కొట్టుకుపోయింది, ఇప్పుడు దాన్నే శిథిలాలని చూడటానికి వెళ్తున్నారట. అవతలి ఒడ్డున ఓడ దిగుతూ రూతమ్మ టీచర్ కాలు మడతపడింది. మోకాలు కుండలా వాచింది. సిగిరియా చేరేసరికి ఆమె బస్సు దిగి నాలుగడుగులు వేసి, తలెత్తి ఆ బండను చూసి, పక్కనున్న రాతి గట్టు మీద చతికిలబడింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన కొండ ఎదురుగా ఉంది, కాళ్లు లేవడం లేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం అదే మొదటిసారి చూశాను.

"నేను ఎక్కలేను బిడ్డా. నువ్వు పోయి చూసొచ్చి నాకు చెప్పు" అంది.

మిగతా టీచర్లతో కలిసి ఎక్కాను. మెట్లు, ఇనుప నిచ్చెనలు, కింద చూస్తే కళ్లు తిరిగే లోతు. మనసంతా ఒకటే గుబులు, దిగాక ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి. దిగి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడి అప్పజెప్పాను. "ఈ కోటను ఒక రాజు కట్టించాడు టీచరమ్మా. నాలుగు దిక్కులా దట్టమైన అడవి కలదు. గోడల మీద చక్కని స్త్రీల బొమ్మలు కలవు."

ఆమె నా చిలక పలుకులు పూర్తిగా విన్నది. "ఇవన్ని రైల్ల నేనే నీకు చెప్పిన గద. పైకి నువ్వు పోయినవా, పుస్తకం పోయిందా?" అంది. తర్వాత నీళ్ల చెంబు చేతికిచ్చి, "జర కూసోని తాగు. తాగి మళ్ల పో" అంది.

"కాళ్లు గుంజుతున్నయి టీచరమ్మా."

"నీ కాళ్లు గుంజుతున్నయి, నా కాళ్లు అసలే లేస్తలేవు. ఎవలది నయం?"

అందరూ చెట్ల కింద అన్నాలు తింటుంటే, కడుపులో ఆకలి, కళ్లలో కోపంతో మళ్లీ ఎక్కాను. మంచిదే అయింది. కోపం వచ్చినప్పుడు మనిషికి భయం ఉండదు. ఎక్కడెక్కడ ఆయాసం వచ్చిందో అక్కడల్లా ఆగి చూశాను. పైన గాలికి కొంగు నిలవలేదు. బండను తొలిచి కట్టిన కొలనులో వాననీళ్లు పచ్చగా ఉన్నాయి, వాటి నిండా కప్ప పిల్లలు. రాజుగారి మేడలు పోయి మోకాలెత్తు గోడలు మిగిలాయి. అప్పుడే ఒక చిన్న జల్లు కురిసి పోయింది. తడిసిన ఇటుకల వాసన మా ఊరి బట్టీ వాసనే. వంగి చూస్తే ఒక ఇటుక మీద మూడు వేళ్లు లాగిన గుర్తు కనిపించింది. నా వేళ్లు పెట్టి చూశాను, పట్టలేదు.

పరుగున దిగి వచ్చి ఆమె పక్కనే కూలబడి చెప్పడం మొదలుపెట్టాను. గాలి, కప్ప పిల్లలు, తేనెపట్లు చూసి భయపడి ఎక్కడ వంగి నడిచానో, అన్నీ. ఆమె అడ్డం పడి అడుగుతోంది, నేను చెబుతున్నాను. ఎప్పుడు చేరారో గాని టీచర్లంతా చుట్టూ చేరారు. నేను మాట్లాడుతున్నానన్న సంగతే నాకు గుర్తు లేదు. ఇటుక మాట వచ్చేసరికి రూతమ్మ టీచర్ నా చెయ్యి పట్టుకుంది.

"వేళ్లు చిన్నయా, పెద్దయా?"

"చిన్నయి టీచరమ్మా. నావి పట్టలే. ఆడమనిషివే అయ్యుంటయి."

ఆమె తన మూడు వేళ్లను గట్టు రాయి మీద లాగి చూసింది. "అచ్చుల మట్టి నింపి మీద సాపు జేస్తే గట్లనే పడ్తయి. మా అమ్మ వేళ్లు గూడ సన్నగుండేటివి" అంది. కళ్లు తుడుచుకుని, బండ వైపు మరోసారి చూసి, "ఇగ నేను ఎక్కిన తియ్యి బిడ్డా" అని నవ్వింది. బస్సులో నా వాటా అన్నం మూత పెట్టి దాచి ఉంచింది ఆమే.

బడి తెరిచాక సిగిరియా పాఠం నాకు అప్పగించింది. తాను వెనక బెంచీలో, పిల్లల మధ్య, వాచిన కాలు చాపుకుని కూర్చుంది. పుస్తకం బల్ల మీద పెట్టి మొదలుపెట్టాను. సగంలో పిల్లలందరి కళ్లూ ఒక్కసారి నా మీద కనబడి గొంతు పాత అలవాటు కొద్దీ పట్టేసింది. అప్పుడు వెనక బెంచీలో చెయ్యి లేచింది.

"ఇటుక మీద ఎన్ని వేళ్లు ఉండె, టీచరమ్మా?"

అప్పటిదాకా ఆమెకు నేను బిడ్డనే. ఆ పిలుపు విన్నాక నా గొంతు మళ్లీ ఎప్పుడూ నన్ను వదిలి పోలేదు. తల నెరిసేదాకా పాఠాలు చెప్పాను.

ఇప్పుడు నా మోకాళ్లు కూడా రూతమ్మ టీచర్ మోకాళ్లయ్యాయి. ఎవరు ఏ ఊరు వెళ్లొచ్చినా నా మంచం దగ్గర కూర్చోబెట్టి అడుగుతాను. బాగుంది అని ఊరుకుంటే వదలను. కోడలిని మాత్రం మళ్లీ పో అనలేను, అంత ధైర్యం ఇంకా రాలేదు. మేస్త్రీ నీళ్లు కొట్టి వెళ్లాక కర్ర ఊతంగా గోడ దాకా వెళ్తాను. తడి ఇటుక మీద మూడు వేళ్లు ఆనించి, ఆమె అడిగిన దానికి ఆ రోజు చెప్పినట్టే, మూడు టీచరమ్మా అని పైకే చెప్పి వస్తాను.