డాక్టరమ్మగారు వద్దన్న మందు

మా వీధి డాక్టరమ్మగారు పోయారని మొన్న పొద్దున పాలు పోయించుకుంటుండగా తెలిసింది. నిద్రలోనే పోయారట. గిన్నె అరుగు మీద పెట్టేసి ఆవిడింటికి వెళ్ళాను. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయారని అందరూ అంటున్నారు. మాకొచ్చిన ఇబ్బంది ఎవరితో చెప్పుకోవాలి?

ఆవిడ ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక, యానాంలో మా ఎదురింట్లో, ముందుగదిలోనే రోగుల్ని చూసేవారు. జలుబు చేసి వెళ్ళినవాళ్ళకు మాత్రం ఆవిడంటే కొంచెం గుర్రు. గొంతు, చెవులు, గుండె అన్నీ శ్రద్ధగా చూసి, చివరికి "దీనికి యాంటీబయాటిక్ అక్కర్లేదమ్మా. ఇది వైరస్, దాని మీద ఆ మందు పనిచెయ్యదు. జ్వరానికి బిళ్ళ రాస్తాను, వేడివేడిగా చారన్నం తిని పడుకో" అనేవారు. ఈమాత్రం దానికి డాక్టరెందుకని సణుక్కుంటూ గుమ్మం దిగేవాళ్ళం. "ఆయాసం వచ్చినా, జ్వరం తగ్గకపోయినా మళ్ళీ రా" అని వెనకనుంచి కేకేసేవారు.

మా వీధిలో ఇంకో గొప్ప అలవాటు ఉండేది. పక్కింటికి కూరగిన్నె వెళ్ళినట్టే, మిగిలిపోయిన మందుబిళ్ళలూ వెళ్ళేవి. "మా ఆయనకి దీంతోనే తగ్గింది, నువ్వూ వేసుకో" అని గోడమీంచి అందించుకునేవాళ్ళం. ఒకసారి అది ఆవిడ కంటపడింది. "కూరలు పంచుకోండమ్మా, మందులు కాదు. ఊరికే మింగుతూ పోతే క్రిములు ఆ మందుకి లొంగడం మానేస్తాయి. రేపు నిజంగా అవసరం పడితే ఏం చేస్తారు?" అని అందరినీ నిలబెట్టి వాయించారు.

ఆ మాటను అందరికంటే గట్టిగా పట్టుకున్నది మా నాన్న. గోదాట్లో వేటకెళ్ళే మనిషి. ఏదైనా ఒకసారి తలకెక్కితే ఇక దిగదు. ఒకనాడు ఆయన పాదంలో జెల్లచేప ముల్లు దిగింది. పసుపు పెట్టుకుని ఊరుకున్నాడు. కాలు వాచింది, ఒళ్ళు కాలిపోయింది, ఎరుపు పిక్కదాకా పాకింది. ఆసుపత్రికి రమ్మంటే ససేమిరా అన్నాడు. నాకు భయమేసి ఎదురింటికి పరిగెత్తాను. ఆవిడ వచ్చి కాలు చూశారు. మొహం మారిపోయింది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావయ్యా?"

"ఆయ్, ఆ మందులు వద్దని తమరే చెప్పారు కదండీ."

"జలుబుకి వద్దన్నానయ్యా, దీనికి కాదు. ఇప్పుడు ఆ మందు పడకపోతే కాలు దక్కదు. ఆపైన నువ్వే దక్కవు."

కాలు పోతుందనేసరికి నాన్న దిగొచ్చాడు. పడవ మీద నిలబడలేని మనిషికి వేటేమిటి? ఆవిడే ఆటో పిలిపించి, పక్కన కూర్చుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చీము తీశారు, ఇంజెక్షన్లు పడ్డాయి. ఇంటికొచ్చాక, వాపు తగ్గింది కదా అని నాన్న బిళ్ళలు మానేద్దామని చూశాడు. ఆవిడ ఊరుకుంటారా? పూటపూటకీ వీధి దాటి వచ్చి, "రాసినన్నాళ్ళూ వేసుకోవాల్సిందే" అంటూ మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, మింగేదాకా గుమ్మంలో నిలబడేవారు. వెళ్ళేముందు ఏదో ఒకటి అని ఆయన్ని నవ్వించి మరీ వెళ్ళేవారు. ఆవిడంటే మాకెంత ప్రాణమో ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మీతో చెబుతున్నాను.

నిన్న మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక ఆవిడ ఉన్న పెట్టెను చర్చి నుంచి సమాధుల తోటకు మోసుకెళ్ళారు. ముందువైపు నాన్న భుజం పెట్టాడు. దారిలో ఎవరో వచ్చి భుజం మార్చుకుంటామన్నారు.

"వద్దండి. నడవగలను."

కాలే తారురోడ్డు మీద, చెప్పుల్లేకుండా, ఎక్కడా కుంటకుండా, నాన్న ఆవిణ్ణి తోటదాకా మోశాడు.