తొలి ట్రాక్ డేకి తోలు సూటు ఏరిన మా బాపు

నాలుగేళ్లుగా రెండు వందల సీసీ బండి నడుపుతున్నాను. వరంగల్ నుంచి ములుగు వెళ్లే దారిలో మలుపు వచ్చిన ప్రతిసారీ, ఎదురుగా లారీ వస్తుందేమోనన్న భయం లేకుండా ఒక్కసారైనా బండిని పూర్తిగా వంచి చూడాలనిపించేది. అందుకే హైదరాబాద్ శివార్లలోని రేస్ ట్రాక్ మీద, ఒక రోజంతా ఎవరి బండి వాళ్లు నడుపుకునేలా కొత్తవాళ్ల కోసం పెట్టిన ట్రాక్ డేకి ఆరు వేలు కట్టి పేరిచ్చాను. తప్పనిసరిగా వేసుకురావాల్సిన వాటి జాబితా పంపారు. తోలు సూటు, ముఖమంతా కప్పే హెల్మెట్, మణికట్టు దాటే గ్లౌజులు, చీలమండ దాటే బూట్లు, వీపుకి కవచం. అన్నీ మంచి కంపెనీవి, కొత్తవి కొంటే డెబ్బై వేలు దాటుతుంది. కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని, నా దగ్గరున్నది ముప్పై అయిదు వేలు.

"నేను గూడ వస్త" అన్నాడు బాపు. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ మీద పనిచేసిన మనిషి. బండ్ల గురించి ఆయనకేం తెలుసని మనసులో అనుకున్నాను.

శనివారం ఉదయం ఏడు దాటాక వరంగల్‌లో రైలెక్కి తొమ్మిదిన్నరకల్లా సికింద్రాబాద్‌లో దిగాం. ఆటోకి నూట యాభై ఇచ్చి, కొత్తవీ వాడినవీ అమ్మే రైడింగ్ సామాన్ల దుకాణానికి చేరాం. ముందు ఏడు వేలకి కొత్త హెల్మెట్ తీసుకున్నాను. వాడిన హెల్మెట్ ఎక్కడ దెబ్బతిన్నదో పైకి కనిపించదు, అక్కడ పొదుపు చేయకండి.

తర్వాత దుకాణందారు పదహారు వేల ఎర్ర సూటు తీశాడు. కొత్తది, తళతళలాడుతోంది. నాకు నచ్చేసింది. బాపు దాన్ని లోపలివైపు తిప్పి, భుజం దగ్గర కుట్టును రెండు చేతులతో గట్టిగా లాగాడు.

"చాచా, జర నిమ్మళం! చిరుగుతది" అన్నాడు దుకాణందారు.

"చిరిగేదైతే ఈడనే చిరగనీ. నా బిడ్డ ఒంటి మీద చిరగొద్దు గద." బాపు నావైపు తిరిగాడు. "జూడు, ఒక్క వరుసనే కుట్టిండ్రు. దారం గూడ నూలుదే. చెమటకు నానితె ఎన్నొద్దులుంటది?"

కుట్టు సందులోంచి వెలుతురు కనబడింది. దుకాణందారు ముఖం ముడుచుకుని, లోపలి నుంచి ఒక నల్ల సూటు తెచ్చాడు. వాడినదే, మోచేతుల దగ్గర రంగు పోయింది. బాపు ఒక్కో అతుకునూ తడుముతూ పావుగంట చూశాడు.

"మూడు వరుసల కుట్టు. నైలాన్ దారం. రంగు పోతే ఏమాయె? గిది దీస్కో బిడ్డా."

బేరమాడితే పదిహేను వేలకి వచ్చింది. మిగతావన్నీ ఇంకో పన్నెండు వేలలో అయిపోయాయి.

ఆ మరుసటి ఆదివారం తెల్లవారుతుండగా బండి మీద బయలుదేరి, ఎనిమిదిన్నరకి ట్రాక్ దగ్గరున్నాం. తనిఖీ చేసే ఆయన అచ్చం బాపు లాగే కుట్లు లాగి చూస్తున్నాడు. నా ముందున్న కుర్రాడి సూటు భుజం దగ్గర విచ్చుకుపోయింది. అతన్ని వెనక్కి పంపి, అక్కడే మూడు వేలకి సూటు అద్దెకి తీసుకోమన్నారు. నా వంతు వచ్చింది.

"మంచిగుంది మేడం. ఎవరు ఏరిండ్రు?"

"మా బాపు."

ఆయన బాపుని పైనుంచి కిందికి చూశాడు. "ఏం పని చేస్తరు పెద్దాయనా?"

"మగ్గాలు నడిపిన."

"అయితే మా సూట్లు గూడ జర చూడుండ్రి" అని వెనకున్నవాళ్లు చుట్టూ చేరారు.

మొదటి పావుగంట విడతలో ప్రతి మలుపుకీ ముందే బ్రేకు వేశాను. మూడో విడతలో మాత్రం ఒక పొడవాటి మలుపులో బండిని నేనెప్పుడూ వంచనంత వంచాను. ఎదురుగా ఎవరూ రారు. హెల్మెట్‌లో గట్టిగా అరిచాను. తిరిగొచ్చేసరికి బాపు ఎవరిదో గ్లౌజు వేళ్లతో పరీక్షిస్తూ, పక్కవాళ్లతో అంటున్నాడు: "గా నల్ల సూటుల ఉన్నది నా బిడ్డ."

ఆయన నేసిన బట్ట ఎవరెవరు కట్టుకున్నారో మాకెన్నడూ తెలియలేదు. ఆ రోజు ఆయన సరేనన్న కుట్లతో పదిమంది ట్రాక్ మీదికి వెళ్లారు. నేను పడకుండా తిరిగొచ్చినందుకన్నా అందుకే నాకు ఎక్కువ గర్వంగా ఉంది. మీరూ వెళ్లేట్టయితే ఒక్క మాట: సూటు నిలబడి చూసి కొనకండి. దుకాణంలోనే వేసుకుని, ఏదైనా బండి మీద ముందుకి వంగి పది నిమిషాలు కూర్చోండి. నిలబడితే కాస్త బిగుతుగా, వంగితే హాయిగా ఉండేదే మీ కొలత.